బాతు నడక

ఆ యానిమేషన్ స్టూడియోలో వాళ్ళిద్దరివీ పక్కపక్క బల్లలు. చిన్నది బొమ్మలు గీస్తుంది. అందరూ పిట్ట అంటారు. పెద్దది ఆ గీతల్లో రంగు నింపుతుంది. ఆమె అందరికీ రంగులక్క. పదకొండేళ్ళుగా ఇద్దరికీ ఒకే డబ్బాలో అన్నం, ఒకే దువ్వెన. కాపురం చెడి పిట్ట అన్నం మానేసిన రోజుల్లో, పక్కన కూర్చుని తిట్టి తిట్టి తినిపించింది రంగులక్కే.

ఈసారి సినిమా ఒక మడుగు కథ. మడుగు ఆడది, దాని మీద వాలే మబ్బు ఆడది, రెల్లులో గుడ్లు పెట్టే చోటు వెతుక్కునే బాతూ ఆడదే. బాతుకు నడక కుదరక పిట్ట వారం రోజులు తల పట్టుకుంది. ఒక మధ్యాహ్నం రంగులక్క తడి కాగితాలు ఆరబెట్టడానికి కిటికీ దాకా వెళ్ళింది. రెండో కాన్పు నుంచీ ఆమె నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. నేలను అడిగి వేసినట్టు ఉంటుంది ప్రతి అడుగూ. పిట్ట చేతిలో పెన్సిలు దానంతటదే కదిలింది. అక్కను అడగలేదు. తర్వాతైనా చెప్పలేదు.

నాలుగు వందల కాగితాలు. అన్నిటికీ రంగు వేసింది రంగులక్కే. "ఎంత ముద్దొస్తోందే నీ బాతు!" అంది కూడా. కదలని బొమ్మలో నడక కనబడదు కదా.

సినిమా పూర్తయ్యాక స్టూడియో వాళ్ళందరికీ వేసి చూపించారు. తెర మీద బాతు నడిచింది. హాలంతా పడీ పడీ నవ్వింది. డైరెక్టరు వెనక్కి తిరిగి, "ఎక్కడ పట్టావమ్మా ఈ నడక?" అన్నాడు.

పక్క కుర్చీలో రంగులక్క నవ్వు ఆగిపోవడం పిట్టకు వినబడింది.

"చెరువు గట్టున బాతుల్ని చూశానండీ."

అక్క పరువు కాపాడటానికే అలా అన్నానని తనకు తాను చెప్పుకుంది. చప్పట్లు మాత్రం తనే తీసుకుంది.

బయటికి వచ్చాక రంగులక్కే ముందు మాట్లాడింది. "నాలుగొందల సార్లు నాకు నేనే రంగేసుకున్నానన్నమాట. పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదే."

"అక్కా, నాకది అందంగా కనబడింది. ఒట్టు."

"అందమైతే నాదని చెప్పేదానివే."

సిగ్గుతో పిట్ట ముఖం భగ్గుమంది. "ఇప్పుడే వెళ్ళి చెప్తానక్కా."

"ఏమని? ఆ బాతు ఇదిగో, చూడండి అనా? చాల్లే, ఊరుకో."

మెట్ల దగ్గర రంగులక్క ఆగి పక్కకు జరిగింది.

"నువ్వు ముందు దిగు."

పిట్ట దిగింది. వెనక చెప్పుల చప్పుడు సమంగా, జాగ్రత్తగా, ఏ పక్కకూ ఒరగకుండా వస్తోంది. అలా నడవడం ఆ నడుముకు ఎంత నొప్పో పిట్టకు తెలుసు. వెనక్కి చూడటానికి మాత్రం మెడ తిరగలేదు.