నెగటివ్ అని రాయని ఖాదర్ భాయ్

నిన్న పొద్దున ఫోన్‌లో ఖాదర్ భాయ్ కొడుకు మెసేజ్.

"అంకుల్, అబ్బా పోయారు."

చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఏమైందని అడిగిన మా ఆవిడ చేతికి ఆ ఫోనే ఇచ్చాను. మొన్న ఆదివారమే మాట్లాడాం. షుగర్ చూపించుకున్నావా అని నన్నే అడిగాడు.

ఆయన ఎవరో మీలో చాలామందికి తెలియదు. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లాను. దుబాయ్ అంటాం గానీ, నా డ్యూటీ అల్ ఐన్ అనే ఎడారి ఊళ్లో. పశువుల ల్యాబ్‌లో డ్రైవర్‌ని. నెల్లూరు ఖాదర్ భాయ్ అక్కడ టెక్నీషియన్. ఏడేళ్లు ఒకే రూమ్.

ఒంటెలకు రక్తంలో కంటికి కనిపించని పురుగు చేరి, చిక్కి చచ్చిపోయే జబ్బు ఒకటి ఉంది. ఎడారిలోనే దాన్ని పట్టుకోవడానికి ఏ టెస్ట్ మంచిదో తేల్చడం మా టీమ్ పని. ఒక్కో ఒంటెకు మూడు టెస్టులు. పచ్చి రక్తం చుక్కను అక్కడికక్కడే మైక్రోస్కోప్ కింద చూడటం ఒకటి. గాజుపలక మీద చుక్కను ఆరబెట్టి, రంగు వేసి చూడటం ఇంకొకటి. మూడోది, సన్నని గాజు ట్యూబులో రక్తం నింపి, జనరేటర్ కరెంటుతో మెషీన్‌లో గిర్రున తిప్పి చూడటం.

చుక్కలో ఏమీ లేదనుకున్న ఒంటెలకే ట్యూబులో పురుగు కదులుతూ కనిపించేది.

"చుక్కని నమ్మబాక మల్లేశా. ఉన్నా చూపించదు" అనేవాడు భాయ్.

ఒక ఒంటెల ఫారంలో పౌలో అని దక్షిణ సూడాన్ మనిషి ఉండేవాడు. ఎంత మొండి ఒంటైనా అతను చెవిలో ఏదో గొణిగితే చాలు, మోకాళ్ల మీద కూర్చునేది.

ఆ ఫారంలో మా చివరి రోజు, తాడు పట్టుకుని నిలబడ్డ పౌలో నిలబడ్డట్టే నిద్రపోయాడు. ఒంటె లాగితే బోర్లా పడ్డాడు.

ఫారం మేనేజర్, అందరూ ముదీర్ అనేవాళ్లు, కర్ర విసిరి "కామ్‌చోర్!" అని అరిచాడు.

భాయ్ వెళ్లి పౌలోను లేపాడు. మెడ వెనక తడిమాడు. గడ్డలు తగిలాయి. భాయ్ ముఖం మారిపోయింది.

"ఒంటెల జబ్బుకి చుట్టం లాంటిది మనుషులకీ ఒకటుందబ్బా. ఆఫ్రికాలో ఈగ కుడితే వస్తది. నిద్ర జబ్బు. మందు పడకపోతే మనిషి దక్కడు."

పౌలో వేలు గుచ్చి చుక్క చూశాడు. ఏమీ లేదు. ఇంకో చుక్క పలక మీద ఆరబెట్టాడు.

"ట్యూబ్ ఒకటి తిప్పితే తేలిపోద్ది. జనరేటర్ దించు మల్లేశా."

అప్పటికే నేను దాన్ని బండెక్కించి తాళ్లు కట్టేశాను. పొద్దంతా ఎండలో ఒంటెల వెంట తిరిగిన చిరాకు.

"మల్ల దించుడా భాయ్? నా నడుం పోయింది. పలక ఉన్నది గద, ల్యాబ్‌ల చూస్కో" అన్నాను.

ఆయన పలకను డబ్బాలో పెట్టుకున్నాడు. సరేనన్నాడు.

రక్తం ఎలా ఉందని ముదీర్ అడిగితే భాయ్ "అభీ కుఛ్ నహీ దిఖా" అన్నాడు. ఇప్పటికింకా ఏమీ కనిపించలేదని. ముదీర్ చెవికి ఎక్కింది "కుఛ్ నహీ" ఒక్కటే. ఏమీ లేదని.

ల్యాబ్‌లో ఒంటెల పలకలు గుట్టగా ఉన్నాయి. వరుసలో చూసుకుంటూ పౌలో పలక దగ్గరికి వచ్చేసరికి నాలుగో రోజు. గంటసేపు వెతికితే పురుగు దొరికింది. ఒక్కటే ఒక్కటి. నన్ను పిలిచి చూపించాడు. వంకాయ రంగు దారప్పోగులా ఉంది.

"యల్లా, బండి తియ్" అన్నాడు.

మేం వెళ్లేసరికి ఆ ఒంటెల తాడు వేరేవాడి చేతిలో ఉంది.

"తుమ్‌ హీ బోలా, కుఛ్ నహీ. ముల్క్ భేజ్ దియా. ఖలాస్" అన్నాడు ముదీర్.

జబ్బు లేదని మీరే చెప్పారుగా అని, పనిదొంగ కింద లెక్కేసి ముందురోజే పౌలోను సొంత దేశానికి విమానం ఎక్కించేశారు.

భాయ్ ఎన్నో ఉత్తరాలు రాశాడు. పౌలో ఊరి చర్చి నుంచి నెలల తర్వాత ఒక్క జవాబు వచ్చింది. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో దిగాడట. అక్కడి నుంచి నది మీద పడవలో ఊరికి వెళ్తూ నిద్రలోనే పోయాడట. తాగి పడుకున్నాడనుకుని ఎవరూ లేపలేదట.

ఆ రోజు భాయ్ అన్నం కలుపుకున్నాడు. ముద్ద ఎత్తలేదు. చేయి కడుక్కున్నాడు.

ల్యాబ్ డాక్టర్‌కు తప్పంతా తనదేనని రాసిచ్చాడు. ఆ కాగితంలో జనరేటర్ మాట లేదు. నా పేరు లేదు.

ఆ తర్వాత ఆయన ఏ రిపోర్ట్ మీదా "నెగటివ్" అని రాయలేదు. "కనిపించలేదు" అనే రాసేవాడు. నెల్లూరులో సొంత ల్యాబ్ పెట్టినా అంతే. జబ్బు ఉందా లేదా చెప్పవయ్యా అని పేషెంట్లు విసుక్కునేవాళ్లు. మెల్లగా రావడం మానేశారు. ల్యాబ్ మూసేశాడు.

ఒంటెల టెస్టుల్లో ట్యూబే మేలని మా పెద్ద రిపోర్ట్‌లో తేలింది. అది ఎవరికి పనికొచ్చిందో నాకు తెలియదు.

నలభై ఏళ్లలో ఒక్కసారే, ఫోన్‌లో అడిగాను. "భాయ్, ఆ రోజు నేను జనరేటర్ దించి ఉంటే?"



"నేనే గట్టిగా చెప్పుండాల్సింది మల్లేశా" అని పెట్టేశాడు.

నన్ను క్షమించాడో లేదో తెలియదు. నేను క్షమాపణ అడగనే లేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

నిన్న సాయంత్రమే ఖననం అయిపోయిందట. నేనింకా నెల్లూరు రైల్లోనే ఉన్నాను.

భాయ్, అక్కడ పౌలో ఎదురైతే తప్పు మల్లేశానిదని చెప్పు. ఇంకా నీ మీదే వేసుకోకు.

అల్లా చల్లని నీడలో, ఇకనైనా నిమ్మళంగా ఉండు.