తొంభై అడుగుల గోడ

తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఏళ్లు ఉల్లిపాయల కమిషన్ వ్యాపారం చేసిన కోదండరామయ్యకు వాటా ఎగ్గొట్టే విద్య వెన్నతో పెట్టింది. పదిమందీ కలిసి టిఫిను తింటే, బిల్లు వచ్చే వేళకు ఆయన చేతులు కడుక్కోవడానికి లేచి ఉంటాడు. యాత్రకు బస్సు మాట్లాడితే ఒక వైపు డబ్బులే ఇస్తాడు. వచ్చేటప్పుడు నిద్రపోయాను కదా, అది ప్రయాణం కింద లెక్కెలా అవుతుందంటాడు.

అలాంటి మనిషికి దేవుడు కార్నర్ సైటు ఇచ్చాడు. పెంటపాడు వైపు లేఅవుట్లో ఆయన ఇంటికి మెయిన్ రోడ్డు మీద ముప్ఫై అడుగులే. తూర్పున మట్టి వీధి వెంట మాత్రం తొంభై అడుగుల గోడ. వాస్తు సిద్ధాంతి తూర్పు గేటే ఉండాలన్నాడు కనుక ఉన్న ఒక్క గేటూ ఆ వీధిలోకే.

వాన పడితే ఆ వీధి చేపల చెరువే. కిందటి శ్రావణంలో ఆయన భార్య సీతారత్నం పేరంటానికి వెళ్తూ అందులో జారిపడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. తణుకులో ఆపరేషను చేసి, రోజూ నడవమ్మా అన్నారు. ఎక్కడ నడవాలో చెప్పలేదు. ఏడాదిగా ఆమె వరండా దాటలేదు.

ఈ ఏడు మున్సిపాలిటీ వాళ్లు, ఇళ్ల యజమానులు సగం ఖర్చు పెట్టుకుంటే సిమెంటు రోడ్డు వేస్తామన్నారు. ఆ సగం ఎవరెంత ఇవ్వాలో తేల్చడానికి పదకొండు ఇళ్లవాళ్లూ కోదండరామయ్య వరండాలో కూర్చున్నారు. ఆయన కాఫీ ఇవ్వలేదు.

"ఎవరి గోడ ఎన్ని అడుగులుంటే అంత ఇచ్చుకుందామండీ," అంది హైస్కూల్లో లెక్కలు చెప్పే రాజకుమారి.

తన తొంభై అడుగులు గుర్తొచ్చి కోదండరామయ్య కుర్చీలోంచి లేచాడు. "అదేంటమ్మా! రోడ్డు మీద గోడలు నడుస్తాయా? గేటుకింత అని వేసుకుందాం. గేటున్నోడే కదా రోడ్డెక్కేది!"

వడ్రంగి చిట్టిబాబు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. "ఆయ్, నేను ఒప్పుకున్నానండీ!" ఊళ్లో సగం ఇళ్లకు తలుపులు చేసిన ఆ మహానుభావుడి ఇంటికి గేటు లేదు, తడికే. రెండేసి గేట్లున్నవాళ్లు కాసేపు గొణిగారు. ఇంతలో కరెంటు పోయింది, దోమలు లేచాయి, గేట్ల లెక్క ఖాయమైపోయింది.

మర్నాడు పొద్దున్నే తాపీ మేస్త్రి వచ్చి కోదండరామయ్య గేటు పీకి ఇటుకలతో మూసేశాడు. గేటే లేనప్పుడు వాటా ఎక్కడిది? వాస్తు గంగలో కలిసింది. రాకపోకలకు మెయిన్ రోడ్డు వైపు గోడకు కంత పెట్టి, మురిక్కాలువ మీద చెక్క వేశారు. సీతారత్నం ఆ చెక్కను చూసి, తన మోకాలిని చూసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏం మనిషండీ! కట్టుకున్నదాన్ని ఇంట్లో పెట్టి గోడ కట్టి, మీసం మెలేసుకుంటూ తిరిగాడు.

నాలుగో రోజున రాజకుమారి కాగితాలతో చెక్క దాటి వచ్చింది.

"గేట్ల లెక్క చూసి ఇంజనీరు గారు ఒకటే నవ్వండీ. గోడ కొలతే లెక్కంట. యజమానులంతా సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా రోడ్డు రాదంట."

"అయితే రాదు," అన్నాడు కోదండరామయ్య హాయిగా. "నేను పెట్టను."

"మీది అక్కర్లేదండీ. ఇల్లు సీతారత్నం గారి పేరున ఉంది."

నిజమే. ఇన్‌కమ్ టాక్సు వాళ్ల కళ్లు పడకూడదని ఇరవై ఏళ్ల కిందట కోదండరామయ్యే భార్య పేరున రిజిస్ట్రేషన్ చేయించాడు. గేటుకు మాత్రం తన పేరు చెక్కించుకున్నాడు. రోజూ ఆ పేరే చూసుకుంటూ అసలు సంగతి మరిచిపోయాడు.

సీతారత్నం గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది.

"నీకేం తెలీదు, లోపలికెళ్లు! తొంభై అడుగులంటే ఎంతవుద్దో తెలుసా?"

"తెలుసండీ. నా గాజులు రెండమ్మితే సరిపోద్ది."

"గాజులమ్మి రోడ్డేయిస్తావా? ఎవరిక్కావాలే ఆ రోడ్డు?"

"నాక్కావాలండీ," అంది సీతారత్నం. తొందరేమీ లేనట్టు ఒక్కో అక్షరమే దిద్ది సంతకం పెట్టి, కాగితం రాజకుమారికిచ్చింది. తరవాత మొగుడి వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ ఇటుకలు పగలగొట్టడానికి మేస్త్రిని మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?"

కోదండరామయ్య జేబులోంచి ఫోను తీసి మేస్త్రి నంబరు వెతుక్కున్నాడు.