నీళ్లు ఇంకని గీత

మీరు చివరిసారిగా ఎవరినైనా ‘ఎందుకు?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు కదపకుండా నిలబడింది ఎప్పుడు? ఆలోచించుకోండి, తొందరేమీ లేదు. ఒకసారి ఆ ప్రశ్న అడగకుండా నేను ఆరు రోజులు గడిపాను. ఆ ఆరు రోజులూ తొమ్మిదిమంది మనుషులు నా మాట విని బండ మీద గడ్డపారలు వంచుకున్నారు. చివరికి ఆ ప్రశ్న అడిగింది కూడా నేను కాదు.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, చేతిలో ఎలక్ట్రికల్ డిప్లొమా, ముఖాన కాస్త గడ్డం, నోటినిండా తర్కం ఉండేవి. ఖమ్మంలో చదువుకునేటప్పుడు స్నేహితులమంతా కలిసి ఒక చర్చా సంఘం పెట్టుకుని, ప్రతి ఆదివారం మూఢనమ్మకాలను ఓడించేవాళ్లం. (మూఢనమ్మకాలు సమావేశానికి వచ్చేవి కావు కాబట్టి పని సులువుగానే సాగేది.) ‘ఆధారం ఏది?’ అనేది మా పలకరింపు. పెళ్లికి పిలిస్తే ముహూర్తానికి ఆధారం అడిగేవాళ్లం, భోజనం మాత్రం ఆధారం అడగకుండా చేసేవాళ్లం. అటువంటి వాడికి ఒక కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ఉద్యోగం ఇచ్చాడు. ఏమడిగినా ‘రేపు’ అనేవాడు కాబట్టి ఆయనను మేం ‘రేపు సారు’ అనేవాళ్లం. నా మొదటి పని చండ్రుగొండ దాటాక, అడవి మొదలయ్యేచోట. రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లోపలి గూడెంలో ఉన్న ఆరోగ్య ఉపకేంద్రం దాకా అర కిలోమీటరు కరెంటు కేబుల్‌ను భూమిలో పాతాలి.

స్తంభాలు వేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. చెట్లు కొట్టడానికి అటవీశాఖ అనుమతి లేదు. బండిబాట వెంట అటో ఇటో భూమిలో పాతుకోవచ్చు, అదీ చేతి పనిముట్లతోనే, యంత్రం తేకూడదు, మందు పెట్టి పేల్చకూడదు, వానలు మొదలయ్యేలోగా ముగించాలి. ముగియకపోతే మళ్లీ వానాకాలం పోయాకే. ఇందులో నాకు పోయేది ఉద్యోగం మాత్రమే. అసలు పోయేది ఆ ఉపకేంద్రంలో ఉండే నర్సమ్మకు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై దాటిన వయసు. టీకాల రోజున చండ్రుగొండ నుంచి ఐసుపెట్టె మోసుకొచ్చేది, ఐసు కరిగేలోగా పిల్లలందరికీ సూదులు వేసేది. కాన్పు వస్తే ఒక చేత్తో టార్చిలైటు పట్టుకునేది, రెండో చేత్తో కాన్పు చేసేది. ఆ జూన్‌లో గూడెంలో ఇద్దరికి నెలలు నిండుతున్నాయి. నేను మొదటి రోజు వెళ్లి పరిచయం చేసుకుంటే, ఆమె నా డిప్లొమా గురించి ఏమీ అడగలేదు. ‘వానలకు ముందే వెలుగుతుందా బాబూ?’ అని మాత్రం అడిగింది. వెలుగుతుందని మాటిచ్చాను. ఆధారం ఏదని ఆమె అడగలేదు.

తవ్వేవాళ్లు తొమ్మిదిమంది, ఒకే కుటుంబపు మనుషులు, కొత్తగూడెం వైపు నుంచి వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక ముసలాయన. బొగ్గుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు, అందుకని అందరూ ‘బాయి తాత’ అనేవాళ్లు. మాట తక్కువ. ఆ తక్కువైన మాటలన్నీ ఆయన కోడలికి వెళ్లినట్టున్నాయి, ఆమె గడ్డపార దించేలోపల రెండు చురకలు వేయగలదు. మొదటి నాలుగు రోజులు ఎర్రమట్టి నేల, పార వేస్తే వెన్నలా వచ్చింది. మూడడుగుల లోతు కాలువ చకచకా సాగింది. ఐదో రోజుకు గుట్ట వాలు దగ్గరకు వచ్చాం. అక్కడినుంచి నేల రంగు మారింది, అక్కడక్కడ రాయి వీపు పైకి తేలి కనిపిస్తోంది. ఆ సాయంత్రమే నేను ఆ ఘోరాన్ని కళ్లారా చూశాను.

పని ఆగాక బాయి తాత చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తూర్పుకు తిరిగి నడుస్తూ, పది అడుగులకొకచోట గడ్డపార మొనతో జానెడు గుంట చేశాడు. కోడలు బిందె మోస్తూ వెంట నడిచింది. ప్రతి గుంటలో ఆయన ఒక చెంబు నీళ్లు పోశాడు. పోసి, గొంతుకూర్చుని, కళ్లు గుంట మీదనే నిలిపి, బొటనవేలితో మిగతా వేళ్ల గణుపులు ఒక్కొక్కటే తాకుతూ కూర్చున్నాడు. చెప్పులు లేవు, సంధ్యవేళ, తూర్పు ముఖం, నీళ్లు, గణుపుల మీద జపం! ఇంతకంటే ఆధారం ఏం కావాలి? ఆదివారాల్లో మాకు ఎన్నడూ దొరకని ముద్దాయి నీళ్ల చెంబుతో సహా దొరికాడు.

మర్నాడు పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టాను. కేబుల్ చుట్టిన చెక్క డ్రమ్ము అడ్డంగా పడుకోబెట్టి ఉంటే దాని మీద ఎక్కాను. భూమి పుట్టుక దగ్గర మొదలుపెట్టి, రాళ్ల రకాల మీదుగా, దేవతల మీదికి వచ్చాను. బాగా మాట్లాడాననే ఇప్పటికీ అనుకుంటాను. ముగింపులో తాత వైపు వేలు చూపి, ‘ఇన్ని చెంబుల నీళ్లు పోస్తే బండ మెత్తబడుతుందా?’ అని గర్జించాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

‘మెత్తబడది సారు. బండ యాడ మెత్తబడ్తది?’ అన్నాడు.

ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. ఇంత తేలికగా ఏ వాదనా నెగ్గలేదు నేను. ఆ ఉత్సాహంలో ఆ రోజే ‘గడ్డపార మొన మీద మూఢత్వం’ అనే వ్యాసం రాసి మా సంఘం కరపత్రానికి పంపించాను. (ముసలాయన ఒప్పుకోలును అందులో అక్షరం పొల్లుపోకుండా ఉటంకించాను.) నీళ్లు పోయడం బందు అని ఆజ్ఞ వేశాను. రెండు మేకుల మధ్య తాడు లాగి, గుట్ట వాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నంతో ఒక గీత గీశాను. సూటి గీత. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం, లెక్కల పుస్తకం సాక్షిగా. తాత ఆ గీత వెంట ఒకసారి చూపు సాగదీసి, ‘అట్లనే సారు’ అన్నాడు. కోడలైతే అంతకుముందు నేను డ్రమ్ము దిగుతున్నప్పుడే, మా లెక్చరు సారుకు గొంతు ఎండిపోయినట్టుంది, ఆ నీళ్లన్న తాగనియ్యిర్రి అని పక్కవాళ్లతో అంటుంటే వినిపించింది. ఆ రోజునుంచి నా పేరు లెక్చరు సారు.

తర్వాతి ఆరు రోజుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. గీత మీద రెండో గజంలోనే గడ్డపార ఠంగుమంది. అది రాయి కాదు, పరుపుబండ. అంచు దొరికితే పెకలించవచ్చు, దానికి అంచు లేదు. సమ్మెటతో కొడితే పిడికెడు పెచ్చులు లేచేవి. గడ్డపారల మొనలు మొద్దుబారిపోతే రేపు సారుకు ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి చేస్తే, ‘రేపు’ అన్నాడు. రోజుకు మూడడుగులు సాగితే పండగ. రోహిణి కార్తె ఎండకు బండ పెనంలా కాలేది. పడమటి నుంచి మబ్బు ముక్కలు రావడం మొదలైంది. సాయంత్రాలు నర్సమ్మ కాలువ దాకా నడిచివచ్చి చూసి వెళ్లేది. కాలువ నిన్న ఆగినచోటనే ఇవాళా ఆగి ఉండటం చూసి, తల ఎత్తి మబ్బులు చూసేది. నన్ను తిట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

ఆరో రోజు సాయంత్రం నేను గుట్ట దిగి వస్తుంటే, నా గీతకు ఇరవై అడుగుల పక్కన, పొదల చాటున, బాయి తాత మళ్లీ దొరికాడు. పక్కన చెప్పులు, చేతిలో చెంబు, వేళ్ల మీద జపం. ఒళ్లు మండిపోయింది. బండ ఒక పక్క, వానలు ఒక పక్క, ఈయన పూజ ఒక పక్కనా? గొంతు సవరించుకున్నాను. ఈసారి భూమి పుట్టుక కంటే ముందునుంచి మొదలుపెట్టేవాణ్ని. అప్పుడే అటు వచ్చిన నర్సమ్మ నాకంటే ముందు ఆయన దగ్గరకు చేరింది. రోజూ నాడి పట్టుకుని లెక్కపెట్టే మనిషి కదా, ఆమె చూపు ఆయన వేళ్ల మీద పడింది.

‘ఏం లెక్కపెడుతున్నావు తాతా?’ అంది.

తాత ఒక వేలు పైకెత్తి ఆగమన్నాడు. ఇంకో నాలుగు గణుపులు దాటాక గుంటలోకి చూసి అప్పుడు చెప్పాడు. ‘నీళ్లు ఇంకుడు లెక్కబెడ్తున్న నర్సమ్మా. ఈడ ముప్పైకే ఇంకినయ్. గా సారు గీత మీద మొదటి దినం పోసిన, ఐదు నూర్లు లెక్కబెట్టినా చెంబెడు నీళ్లు చెంబెడే ఉన్నయ్. అడుగున పరుపుంది. నీళ్లు దిగిన తాన గడ్డపార దిగుద్ది, దిగని తాన దిగది. గంతే.’

సవరించుకున్న గొంతులోంచి ఒక్క ప్రశ్న వచ్చింది, అదీ ఓడిపోతున్నవాడు వేసే ప్రశ్న. మరి సాయంత్రం పూటే ఎందుకు?

‘ఎండల పోస్తే ఎండ తాగుద్ది, భూమి తాగుద్ది. ఎవరెంత తాగిన్రో ఎట్ల తెలుస్తది సారు?’

తూర్పుకే ఎందుకు తిరిగావు అన్నాను. ఉపకేంద్రం అటే ఉంది కదా అన్నాడు. మరి చెప్పులు ఎందుకు విప్పావు అన్నాను, చివరి ఆశతో. కోడలు బిందె దించి నవ్వాపుకుంటూ, మొన్ననే కొన్నం సారు, తడిస్తే పాడైతయని ఇప్పిండు అంది. నా సాక్ష్యాలన్నీ అలా ఒక్కొక్కటే ఆ గుంటలోకి ఇంకిపోయాయి. చాలా వేగంగా, ముప్పై లెక్కపెట్టేలోపే.

అయినా నేను హేతువాదిని. ఒక మనిషి చెప్పాడని నమ్మడమేమిటి? పరీక్ష పెట్టాను. పది చోట్ల నీళ్లు పోయించి, ఎక్కడ దిగుతుందో ఎక్కడ దిగదో ఆయన చేత ముందే చెప్పించి నోటుబుక్కులో రాసుకుని, తెల్లవారి తవ్వించాను. తొమ్మిదిచోట్ల ఆయన చెప్పిందే నిజమైంది. పదోచోట నీళ్లు చటుక్కున మాయమయ్యాయి, కానీ కింద బండే తగిలింది. నేను ఎగిరి గంతేశాను. తాత గుంటలో చేయి పెట్టి తడిమి, ఎలుకబొక్క సారు, అన్నాడు. (ఆ ఎలుకను నేను చాలా రోజులు అభిమానంగా తలచుకున్నాను. ఆ గుట్ట మీద నా పక్షాన నిలిచింది అదొక్కటే.)

మరి మొదటి రోజే ఈ మాట నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. ఆరు రోజులు పోయాయి, వాన వస్తే నర్సమ్మ గతేమిటి అన్నాను. తాత కోపగించుకోలేదు, దెప్పలేదు. ఉన్నమాట చెప్పాడు.

‘మీరు అడగలే గద సారు. మీరు చెప్పిన్రు, మేం ఇన్నం.’

కోడలు దానికి తోక తగిలించింది. ‘మస్తు చెప్పిన్రు గూడ. మా పిల్లగాండ్లకు ఇప్పటికీ యాదికున్నది.’

ఆ సాయంత్రం నుంచి బిందె మోయడం నా పని అయింది. తాత పోసేవాడు, ఆయన గణుపులు లెక్కపెడుతుంటే నేను గడియారం చూసి రాసేవాణ్ని. సున్నపు గీత పోయి, దాని స్థానంలో నీళ్లు ఇంకిన గుంటలను కలుపుకుంటూ పోయే వంకరటింకర దారి వచ్చింది. బండను చుట్టి, పొదను దాటి, ఒకచోట దాదాపు వెనక్కి తిరిగి పోయింది. దూరం పెరిగింది, కేబుల్ చాలుతుందా అని ఒకటే భయం. తాడుతో మూడుసార్లు కొలిచాను. ఐదు రోజుల్లో కాలువ ఉపకేంద్రం గోడకు చేరింది. అడుగున ఇసుక పరిచి, కేబుల్ దించి, మళ్లీ ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చి, మట్టి కప్పాం. డ్రమ్ము మీద రెండు చుట్లు మిగిలాయి. మర్నాడు మధ్యాహ్నం మొదటి వాన దంచి కొట్టింది. కరెంటు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఏఈ సారు నేను గీసిన పటం చూసి, ఇదేందయ్యా, తాగి గీసినవా అన్నాడు. తాగింది భూమి సార్, నేను లెక్క రాశానంతే అన్నాను.

కరెంటు ఇచ్చిన రోజు ఉపకేంద్రంలో ఫ్రిజ్ గుర్రుమని మొదలైతే, నర్సమ్మ దాని తలుపు మీద చేయి వేసి చాలాసేపు అలా నిలబడింది. (నెలలు నిండిన ఇద్దరికీ బల్బు వెలుగులోనే కాన్పులు అయ్యాయని తర్వాత ఫోన్‌లో చెప్పింది. టార్చిలైటు ఇప్పుడు బాత్రూమ్‌లో ఉందట.) బాయి తాత సంచిలోంచి కొబ్బరికాయ తీసి, చెప్పులు విప్పి, మీటరు పెట్టె ముందు కొట్టాడు. నేను ఇప్పుడు మారిన మనిషిని కదా, నోటుబుక్కు తీసి, వినయంగా దగ్గరకు వెళ్లి అడిగాను, ఇది ఎందుకు తాతా, దీని లెక్క ఏమిటి అని.

ఆయన నన్ను జాలిగా చూశాడు. ‘లెక్కేంది సారు? దేవునికి కొట్టిన.’

పెన్ను మూత పెట్టేశాను. దేవుణ్ని నేను ఒప్పుకోలేదు, ఇవాళ్టికీ ఒప్పుకోను. కొబ్బరి ముక్క మాత్రం ఒప్పుకున్నాను, అది తియ్యగా ఉంది.

ఖమ్మం తిరిగి వచ్చేసరికి నా వ్యాసం అచ్చయి ఉంది. తోటి సభ్యులు చేతులు కలిపి అభినందించారు. సవరణ వేయమని బతిమాలాను. స్థలం లేదన్నారు. నిజానికి నేనూ గట్టిగా పట్టుబట్టలేదు, మొదటిసారి అచ్చులో చూసుకున్న పేరు. అది జరిగి పదిహేనేళ్లు దాటింది. ఇప్పటికీ మూఢత్వం మీద రాస్తూనే ఉన్నాను, కానీ వ్యాసం మొదలుపెట్టే ముందు డ్రమ్ము మీద నిలబడి చేయి ఊపుతున్న ఆ గడ్డం కుర్రాడు కళ్లముందుకు వస్తాడు. వాడి తర్కంలో తప్పేమీ లేదు, ఒక్క ప్రశ్న తప్పిపోయింది. నవ్వొస్తుంది. వాడికి ఒక చెంబు నీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.

మీరు ఇప్పుడు చదివింది ఆ సవరణే. ఆ కరపత్రం ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉంటే, ఆ పేజీ చించకండి, అంచున ‘రచయిత అడగలేదు’ అని రాసి పెట్టండి. మిగిలినవారికి ఇంకో పని ఉంది. మూఢనమ్మకంతో పోరాడండి, మానకండి. కానీ ఎవరిని మూఢుడని మీరు ఇప్పటికే తేల్చేశారో ఆ మనిషి దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి. ‘ఎందుకు?’ అని అడగండి. అడిగాక గణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. జవాబు ఇంకేదాకా లేవకండి.