అంకుల్ బిగించిన మూత

మా తుపాకుల అంకుల్ పోయారు. ఆ శుక్రవారం పొద్దున నేను వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్తుండగా ఆంటీ ఫోన్ చేశారు. "రాత్రి నిద్దర్లోనే పోయినారమ్మా" అన్నారు. తర్వాత ఆవిడ ఇంకేం చెప్పారో నాకు గుర్తులేదు. ఆసుపత్రిలో ఇంతమందిమి ఉన్నామే, ఎవరికీ ఒక్క అవకాశం ఇవ్వకుండా వెళ్లిపోయారని ముందు కోపమే వచ్చింది. ఏడుపు పార్కింగ్‌లో వచ్చింది.

ఆయనది కర్నూలు. అక్కడ బోరు మోటార్ల షాపులో లేత్ పని నేర్చుకున్నారు, ఆస్ట్రేలియా వచ్చి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ అయ్యారు. పెండిల్ హిల్ అవతల ఒక షెడ్డు, అందులో ఆయనా, ఆయన భాగస్వామి అయిన ఓ ఆస్ట్రేలియన్ పెద్దాయనా. ఇల్లు మాత్రం క్వేకర్స్ హిల్‌లో మా వెనక వీధే. మనవాళ్ల విందుల్లో అందరూ ఇళ్ల ధరల గురించి ఊదరగొడుతుంటే, ఆయన ఓ మూల నుంచి కేకేసేవారు. "నువ్విట్రామ్మా. మనం పనికొచ్చే మాటలు మాట్లాడుకుందాం." నేను క్లబ్బులో టార్గెట్ షూటింగ్ మొదలుపెట్టానంటే నవ్వనిది ఆయనొక్కరే.

ఒక దసరాకి మా ఆయనకి ఆయుధపూజ ఉత్సాహం పట్టుకుంది. కారుకి, మిక్సీకి బొట్లయ్యాక, నేను బీరువాలోంచి తీసి పట్టుకున్న రైఫిల్‌కి కూడా, సరిగ్గా గొట్టం మూతి మీదే, కుంకుమ దట్టంగా అద్దారు. తర్వాత దాన్ని శుభ్రం చేయించడానికి తీసుకెళ్తే, అంకుల్ లోపలికి లైటు వేసి చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"ఇదేందమ్మా, బ్యారెల్ లోపల ఎర్రగా ఉండాది? తుప్పేమో అనుకుంటి. కుంకుమ!"

"ఆయుధపూజ, అంకుల్..."

"చేసుకో, నేనొద్దంటినా? మూతికాడ మాత్రం పెట్టొద్దు. అంతగా పెట్టాలనుంటే నా లేత్‌కి పెట్టిపో. అదేమీ అనుకోదు."

ఆయన వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం మరుసటి దసరాకి నిజంగానే కుంకుమభరిణె పట్టుకుని వెళ్లాను. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, పక్కకి జరిగి నిలబడ్డారు. ఆ బొట్టు ఏడాదంతా అలాగే ఉంది. తుడవవేమని భాగస్వామి అడిగితే "హర్ డిపార్ట్‌మెంట్, మేట్" అన్నారట, అది నా శాఖ అన్నట్టు.

ఈ ఏడాది నా కుడి భుజం పాడైంది. పేల్చిన ప్రతిసారీ రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకి ప్రాణం పోయేది. ఫిజియో షూటింగ్ మానేయమంది. అంకుల్ వింటేగా! గొట్టం చివర మజిల్ బ్రేక్ అనే చిన్న ముక్క బిగిస్తే పేలుడు గ్యాసు పక్కలకి పోయి తన్ను తగ్గుతుందట. దాన్ని బిగించడానికి గొట్టం చివర మర చుట్లు కోయాలి.

"నీ భుజం మిగుల్తాది. పక్కనోని చెవులు పోతాయి. ఏం జేస్తాం!" అన్నారు.

ఆ పని చూస్తానని నేను షెడ్డులో తిష్ఠ వేశాను. గొట్టాన్ని లేత్‌లో సరిగ్గా కూర్చోబెట్టడానికే సగం పూట పట్టింది. పైకి ఎంత గుండ్రంగా ఉన్నా, లోపలి రంధ్రం సరిగ్గా నడిమధ్యనే ఉంటుందన్న నమ్మకం లేదట. "పైన చూసి కోస్తే తూటా పోయి బ్రేక్‌కి తగుల్తాది. లోపల యాడుందో కనుక్కోవాల. దాన్ని బట్టి కొయ్యాల." ఆ మాట ఆయన మనుషుల గురించి కూడా అనేవారు, కాకపోతే ఇంకాస్త విసుగ్గా.

తర్వాత బిస్మిల్లా అనుకుని మొదటి కోత వేశారు. ఇక అదే పని. కాస్త కోయడం, నూనె వేయడం, గేజ్ పెట్టి చూడడం, మళ్లీ కోయడం. నేను తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది. సాయంత్రానికి ఇంకా కొంచెం మిగిలింది.

"శనివారం రా. బ్రేక్ తీసినప్పుడు మర దెబ్బ తినకుండా పైన మూత గూడా చేసి పెడతా. దానికి స్పానర్ పెట్టినావంటే ఊరుకోను. చేత్తో బిగించింది చేత్తోనే రావాల. ఇంగోటి, ఫస్ట్ షాట్‌కి నేను నీ పక్కనుండాల. భుజం ఏమంటాదో చూస్తా."

ఆ శనివారం మేం ఆయన్ని సాగనంపాం.

కొన్నాళ్లకి భాగస్వామి పిలిచి, నా లైసెన్సు చూసి రైఫిల్ చేతికిచ్చాడు. గురువారానికే పని పూర్తయిందట. మొదట చేసిన మూత నచ్చక మళ్లీ చేశారట. లేత్ మీద బొట్టు ఇంకా ఉంది. నేను అటు చూడలేకపోయాను.

మొన్న ఆదివారం క్లబ్బు షూటింగ్ రేంజికి వెళ్లాను. బ్రేక్ జేబులో ఉంది. మూత తీసి దాన్ని బిగించుకుంటే చాలు, ఆయన చేసిన పనేమిటో నా భుజానికి తెలుస్తుంది. పక్కన ఆయన నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. మూత మీద వేళ్లు పెట్టాను. అంత గట్టిగా ఉన్నది, ఆయన చెప్పినట్టే, చేత్తోనే కదిలింది. సగం చుట్టు తిప్పాక తట్టింది. దాన్ని అలా బిగించింది ఆయన చెయ్యి. గబగబా వెనక్కి తిప్పేశాను.

ఇప్పుడది ఆయన బిగించినంత బిగువుగా ఉందో లేదో నాకు తెలియడం లేదు. చాలాసేపు వేళ్లు దాని మీదే ఉంచి కూర్చున్నాను.