చేతికి చెప్పిన అబద్ధం

నాకు శాలువాలంటే ఒళ్ళు మంట. ఈమధ్య ఒకాయన మా ఇంటికి వచ్చేడు. చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలకి చదువు చెప్పినవాళ్ళకి సన్మానం చేస్తున్నారట, అందులో నన్నూ కలుపుకున్నారట. రానని చెప్పేను. వినయం కొద్దీ అంటున్నాననుకుని ఆయన బతిమాలేడు. వినయమూ లేదు, నా మొహమూ లేదు. ఒకసారి చేయించుకున్నాను బాబూ, అది చాలు అని టీ ఇచ్చి పంపించేసేను. ఆ ఒక్కసారీ ఏం జరిగిందో ఆయనకి చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

డెబ్బైల్లో మాట. ఒరిస్సాలో ఉన్న రాయగడ అప్పటికింకా కొరాపుట్ జిల్లాలోదే. మాది పార్వతీపురం దగ్గర. నాన్న రాయగడలో ఆస్పత్రి కాంపౌండరు కావడంతో అక్కడే పెరిగేం. నాకు చర్చివాళ్ళ ఆదివారం బడిలో పాటలు నేర్పిందీ, టీచరు ట్రైనింగుకి దరఖాస్తు రాసిపెట్టిందీ, ఆఖరికి తను నడిపే ఆడపిల్లల హాస్టల్లోనే నాకు పని ఇచ్చిందీ ఒకే ఆవిడ. ఊరంతా ఆవిణ్ణి పెద్దమ్మగారు అనేవారు. మా అమ్మ ఒకటంటే నేను రెండనేదాన్ని. పెద్దమ్మగారు ఏమన్నా తలూపేదాన్ని. నాలాంటి నోటిదురుసు మనిషి ఒకరి దగ్గర నోరు మూసుకుని ఉండేదంటే ఎంత నమ్మకమో మీరే అనుకోండి.

ఆ హాస్టలుకి మునిగుడ నుంచి ఒక పిల్ల వచ్చింది. తండ్రి రైల్వేలో గ్యాంగుమేను, తల్లిది బొబ్బిలి వైపు. రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి దానికి చూపూ పోయింది, వినికిడీ పోయింది. ఏడేళ్ళ పిల్లని ఆ తల్లి పాతచీర ముక్కతో తన నడుముకి కట్టుకుని తీసుకొచ్చింది. వదిలితే పరిగెత్తి గోడకి గుద్దుకుంటుందట. అందరం దాన్ని అమ్మి అనే పిలిచేవాళ్ళం. పిలవడమేటి నా తలకాయ, దానికి వినపడితే కదా. మాలో మేము అనుకోడానికే ఆ పేరు.

మొదటి మూడు నెలలూ అమ్మి నా చేతులు కొరికి పెట్టింది. ట్రైనింగులో నేర్చుకున్న చదువంతా తీసుకొచ్చి దాని ముందు పోసేను. ఒక్కటి పనికొస్తే ఒట్టు. స్నానానికి లాగితే కొరికేది, మంచం మీంచి లేపితే కొరికేది. కొరకడం మాన్పించింది నేను కాదు, మా ఆయమ్మ. నందపూర్ వైపు కొండల్లో దేశియా మాట్లాడే మనిషి, ఒక్క అక్షరం రాదు, పిల్లలకి నీళ్ళు పోసేది, జడలు వేసేది. ఒకరోజు చూద్దును కదా, అమ్మి గొడవ చెయ్యకుండా ఆయమ్మ వెంట స్నానాల గదికి నడిచి వెళ్తోంది. చేతిలో బీరపీచు ముక్క ఉంది.

ఏటి చేసేవని అడిగేను. ముందు బీరపీచు చేతిలో పెడతానంది. పిల్ల దాన్ని తడుముకుని, స్నానమని తెలుసుకుని, తనంతట తాను లేచేదాకా ఆగుతుందట. మనం ఎక్కడికెళ్తున్నామో కళ్ళతో చూసుకుంటాం, దానికెవరు చెప్తారు, చెప్పకుండా లాక్కుపోతే నువ్వు మాత్రం కొరకవా అని నన్నే ఎదురడిగింది. నాకు సిగ్గేసింది.

అక్కణ్ణించి మా ఇద్దరి పద్ధతీ అదే. బీరపీచు పెడితే స్నానం. సుద్దముక్క పెడితే చదువు. ఇంటికి వెళ్ళడానికి ఏమి పెట్టాలా అని ఆలోచిస్తుంటే తండ్రి ఒక పాత రైలు టిక్కెట్టు తెచ్చిచ్చేడు, అప్పటి దళసరి అట్ట టిక్కెట్టు. దాన్ని చేతిలో పెట్టి, రైలెక్కించి, మునిగుడలో తల్లి ఒళ్ళో కూర్చోబెట్టేను. రెండుసార్లకే అర్థమైపోయింది. మూడోసారి టిక్కెట్టు తగలగానే తన బట్టలు తనే మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఈ పద్ధతికి కట్టుబాటు ఒక్కటే. పెట్టిన వస్తువు చెప్పిందే జరగాలి. సుద్దముక్క పెట్టి నాకు తలనొప్పిగా ఉందని పాఠం మానేస్తే ఆయమ్మ నా మీద కేకలేసేది. దాని చేతికి అబద్ధం చెప్పకు, దానికి ఉన్నవి చేతులే అనేది.

నాలుగేళ్ళు గడిచేయి. అట్ట మీద జిగురు పూసి రాగులు అంటించి అక్షరాలు చేసేను. వాటి మీద వేలు తిప్పించేను. తర్వాత దాని అరచేతిలో నేను రాయడం, నా అరచేతిలో అది రాయడం. మొట్టమొదట నా చేతిలో అది రాసిన మాట అమ్మ. ఆ రోజు నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చేను. నా చేతిలో రాసింది నా గురించి కాదని నాకు తెలుసు. అయినా ఏడ్చేను.

ఈ సంగతి కొరాపుట్ దాకా పాకింది. అక్కణ్ణించి ఒక పెద్ద ఆఫీసరు జీపులో వస్తున్నాడనీ, నాకు సన్మానమనీ పెద్దమ్మగారు చెప్పేరు. ఆయమ్మని కూడా స్టేజీ మీదకి పిలవండి అన్నాను. చూద్దాంలే అన్నారు. హాస్టలు వరండాలోనే స్టేజీ కట్టేరు, రాయగడలో ఉన్న తెలుగువాళ్ళు సగం మంది వచ్చేరు. నేను అమ్మిని పక్కన నిలబెట్టుకుని బీరపీచూ, సుద్దముక్కా, టిక్కెట్టూ ఒక్కొక్కటే పైకెత్తి చూపించి చెప్పేను. టిక్కెట్టు తగలగానే అమ్మి మూట కోసం తడుముకుంటుంటే జనం చప్పట్లు కొట్టేరు. ఇంటికి పంపకుండా ఊరికే టిక్కెట్టు పెట్టడం తప్పని నాకు ఆ క్షణాన తట్టలేదు. నా భుజాల మీద శాలువా వేసేరు. ఆయమ్మ వెనకాల టీలు అందిస్తోంది. ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలని ఇంటి దగ్గర అనుకునే వచ్చేను. చప్పట్లు వినేసరికి అన్నీ నేనే చేసేను, నేనే నేర్పేను అని నా నోరే వాగింది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మగారు పిలిచేరు. సెలవులిస్తున్నాం కదా, నిన్న స్టేజీ మీద పిల్లకి ఆశపెట్టి ఊరుకున్నావు, ఇవాళే ఇంటికి పంపేద్దాం అన్నారు. నేను తీసుకెళ్తానన్నాను. నీకు ఆఫీసరుగారికి పంపాల్సిన రిపోర్టు ఉంది, తోడుకి ఒకావిణ్ణి పెట్టేను, నువ్వు టిక్కెట్టు ఇచ్చి రిక్షా ఎక్కించు చాలు అన్నారు. ఆవిడ ముందు నేనెప్పుడు కాదన్నాను కనక. వెళ్ళి అమ్మి చేతిలో టిక్కెట్టు పెట్టేను. అది గంతేసి నా చెంపలు రెండూ తడిమింది. మూట కట్టుకుంది. నా అరచేతిలో మళ్ళీ అమ్మ అని రాసి రిక్షా ఎక్కింది.

నాలుగు రోజులకి తల్లి వచ్చింది. సెలవులిచ్చేరు, పిల్లని తీసుకురాలేదేమని తనే వచ్చేసింది. వరండాలో నిలబడి నా వెనక్కి చూస్తోంది, అమ్మి వస్తుందేమోనని.

"పిల్లేదమ్మా?" అంది.

ఇంటికి పంపేం కదా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "మాకాడికి రాలేదమ్మా" అంది.

ఆవిణ్ణి అక్కడే వదిలి పెద్దమ్మగారి గదిలోకి పరిగెత్తేను. ఆవిడ ఏదో కుట్టుకుంటున్నారు. కంగారు లేదు. కూర్చోమన్నారు. దక్షిణాదిలో ఒక పెద్ద బడి ఉందట, ఇలాంటి పిల్లలకనే పెట్టినది, విదేశాల్లో నేర్చుకొచ్చిన టీచర్లున్నారట. అక్కడికి పంపేరట. తల్లి వేలిముద్ర కూడా ఉందన్నారు. ఉంది నిజమే. పెద్ద చోట పిల్లకి కళ్ళు చూపిస్తామని చెప్పి ఎప్పుడో వేయించుకున్నారు. ఎప్పుడు పంపేదీ, ఎన్నాళ్ళు ఉంచేదీ ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. మరి నాకెందుకు చెప్పలేదండీ అని అడిగేను. జీవితంలో మొదటిసారి ఆవిడ ముందు నా గొంతు లేచింది.

"చెప్తే ఏడ్చేదానివి. నీ ఏడుపు దాని చేతికి తెలిసిపోయేది. నువ్వు నమ్మి పెడితేనే అది నమ్మి వెళ్తుంది" అన్నారు పెద్దమ్మగారు.

అన్నారు, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నారు. నన్ను మోసం చేసేరన్న మాట కన్నా, ఎంత బాగా లెక్కగట్టి చేసేరన్నది నన్ను కాల్చేసింది. నాలుగేళ్ళూ నేను పెంచిన నమ్మకాన్ని ఆవిడ దూరం నుంచి చూసి, అది ఎందుకు పనికొస్తుందో ఆలోచించి పెట్టుకున్నారు. నన్ను పెంచిన చేత్తోనే చేసేరు. ఇరవై ఏళ్ళ బట్టీ నా గురించి ఆవిడకి తెలిసిందంతా ఈ ఒక్క పనికి వాడేసుకున్నారు.

తోడెళ్ళినావిడ తిరిగొచ్చేక అడిగేను. నిజం చెప్పింది పాపం. రైలు మునిగుడ వైపు కాకుండా విజయనగరం వైపు వెళ్ళింది. గంటన్నర దాకా అమ్మి బుద్ధిగా కూర్చుందట. మునిగుడ రావలసిన వేళకి తనే లేచి, మూట చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడిందట. ఎంత లాగినా కూర్చోలేదట. విజయనగరం వచ్చేదాకా అలాగే నిలబడిందట, దింపి వేరే రైలెక్కిస్తే అక్కడా తలుపు దగ్గరే నిలబడిందట.

ఆయమ్మ నాతో మాట్లాడడం మానేసింది. పళ్ళెం పెడుతుంది, పోతుంది. వారం చూసి పట్టుకుని నిలదీసేను. అప్పుడు చెప్పింది. పెద్దమ్మగారు ముందు ఆయమ్మనే అడిగేరట, టిక్కెట్టు నువ్వు పెట్టు అని. ఎక్కడికని అడిగితే పెద్ద బడికి అన్నారట. అలాగైతే టిక్కెట్టు పెట్టను, ఉద్యోగం తీసేసినా పెట్టను అందట. మరి నాకెందుకు చెప్పలేదే అని అరిచేను.

"నీకు తెలుసనుకున్నాను. శాలువాకి ఒప్పుకున్నావనుకున్నాను" అంది ఆయమ్మ.

నేను తిట్టేదాన్నే. కానీ స్టేజీ మీద అన్నీ నేనే చేసేనని చెప్పుకున్న మనిషి గురించి ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ నెలాఖరుకి పని మానేసేను. పెద్దమ్మగారు ఆపలేదు, వెళ్ళేటప్పుడు ప్రార్థన చేసి పంపించేరు. నేను కళ్ళు మూసుకోలేదు.

ఆర్నెల్లు పోయేక ఆయమ్మా నేనూ ఆ బడికి వెళ్ళేం. ఒక పగలూ ఒక రాత్రీ రైలు. చెడ్డ చోటైతే నాకు తిట్టుకోవడానికి వీలుగా ఉండేది. మంచి చోటే. శుభ్రంగా ఉంది, టీచర్లు ఓపిక గలవాళ్ళు. తల్లిని వాళ్ళే ఉత్తరం రాసి పిలిపించి పదిరోజులు ఉంచుకున్నారట. అమ్మి రెండంగుళాలు ఎదిగింది, చుక్కల అక్షరాలు చదువుతోంది. నేను నేర్పలేనివి నేర్పుతున్నారని చూసి సంతోషించేను. ఒళ్ళు మండుతూనే సంతోషించేను.

అమ్మి మమ్మల్ని వెంటనే పోల్చుకుంది. నా మణికట్టు మీద తను కొరికిన మచ్చలు వేలితో వెతికి, పట్టుకుని నవ్వింది. ఆయమ్మ మెడ వాటేసుకుంది. మా ఇద్దరి మధ్యా కూర్చుని ఒక చెయ్యి నాకూ, ఒక చెయ్యి ఆవిడకీ ఇచ్చింది. దానికి కోపం లేదు. కోపం ఉంటుందేమోనని దారంతా భయపడుతూ వచ్చినదాన్ని, పోనీలే, పిల్ల మర్చిపోయింది అనుకున్నాను.

ఇంతలో అన్నాలకి పిలిచేరు. నేను దాని అరచేతిలో అన్నం, పద అని రాసేను. అది కదల్లేదు. మళ్ళీ రాసేను. నా వేళ్ళు మెల్లిగా పక్కకి పెట్టి, ఖాళీ అయిన ఆ చెయ్యి కూడా ఆయమ్మ ముందు చాపింది. ఆయమ్మకి రాయడం రాదు. దాని వేళ్ళు పట్టుకుని తన నోటి దగ్గర పెట్టుకుని, అన్నం నమిలినట్టు నమిలి చూపించింది.

అప్పుడు లేచింది అమ్మి.