మైకోలా గారి గొంతు

మీసం అతికించే జిగురు సీసా మూత తీస్తే చాలు, ఆ ఘాటుకి దుబాయ్ కరామాలోని మా ఏజెన్సీ మేకప్ గదీ, అద్దం ముందు నిటారుగా కూర్చున్న మైకోలా గారూ గుర్తొస్తారు. దుబాయ్‌కి షూటింగుకొచ్చే మన సినిమావాళ్ళకి తెల్ల మొహాలు సరఫరా చెయ్యడం మా ఏజెన్సీ వ్యాపారం. మొహాలే, మనుషులు కాదు. నేనక్కడ మేకప్ చేస్తాను.

మైకోలా గారు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో జీవితమంతా నాటకాలాడారు. మొదటి వేషం ఒక్క మాటున్న వార్తాహరుడట. తరవాత రాజులు, ముసలి తండ్రులు, కొన్ని సినిమాలు. బజారులో ఆయన నోరు విప్పితే కూరగాయలమ్మేవాళ్ళు తలెత్తి చూసేవారట. యుద్ధమొచ్చి నాటకశాల మూతపడ్డాక, ఇక్కడి హోటల్లో పనిచేసే కూతురి దగ్గరికొచ్చారు. "నేనింకా నటుణ్ణో కాదో తేలాలి పద్మా" అనేవారు, తనకొచ్చిన ఇంగ్లీషులో.

నేనప్పుడు మేనేజర్ ముందు గొణిగే మనిషిని. కాకినాడలో మా ఇంట్లో ఆడపిల్ల గొంతు వీధిలోకి వినబడకూడదు. అది చూసి ఆయన ఒకరోజు, "మాట గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. భయపడితే ముందు మూసుకుపోయేది పొట్టే" అన్నారు. అద్దం ముందు నన్ను నిలబెట్టి నా పేరు నాచేతే గట్టిగా పలికించారు. నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

ఒక తెలుగు సినిమాలో ఆయనకి విలన్ తండ్రి వేషం దొరికింది. ఇంటికి నిప్పు పెట్టబోతున్న హీరోతో, "నా భార్య ఈ ఇంట్లోనే పోయింది, తగలబెట్టకు" అనాలి. ఆ మాట నేను నేర్పుతానంటే మా మేనేజర్ నవ్వాడు. అతనిది కరీంనగర్.

"గాయనకి తెలుగెందుకు? వన్ టూ త్రీ అనమను, పెదాలు కదిల్తె సాలు. డబ్బింగుల సూస్కుంటరు. యల్లా, జల్ది కానియ్!"

మన సినిమాల్లో అదే ఆనవాయితీ. భాష రానివాళ్ళు అంకెలు చదువుతారు, ఇంకెవరో గొంతు అరువిస్తారు. ఆ సంగతి చెబితే మైకోలా గారు హాస్యమనుకున్నారు.

"ఇల్లు తగలబడుతుంటే ఎవరైనా అంకెలు లెక్కపెడతారా?" అన్నారు.

పట్టుబట్టి నేర్చుకున్నారు. అబుదాబి దారిలో మఫ్రఖ్ దగ్గర గోడౌన్‌లో వేసిన సెట్లో ఆయన ఆ మాట అనగానే హీరో తన డైలాగు మరిచిపోయాడు. ఆయన కళ్ళల్లో ఆ రోజు చూసిన వెలుగు మళ్ళీ చూడలేదు.

సినిమా విడుదలయ్యాక ఆయన్నీ కూతుర్నీ నేనే దుబాయ్‌లో డేరా అనే పేటలోని సినిమా హాలుకి తీసుకెళ్ళాను. తెర మీద ఆయన పెదాలు నేను నేర్పిన మాటే అంటున్నాయి. వినిపించింది మాత్రం కీచుగొంతు, వచ్చీరాని తెలుగు. హాలంతా పగలబడి నవ్వింది. ఆయన తెర వదిలేసి జనం మొహాలు చూస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మేనేజర్ని ఆఫీసంతా వినేలా నిలదీశాను.

"మంచిగనే చేసిండట. హీరో కన్నా పెద్దగ కనబడ్తుండని కామెడీ చేసిన్రు. ఖలాస్, రిలీజైపాయె" అన్నాడు.

ఆయన మళ్ళీ ఏజెన్సీకి రాలేదు. డిసెంబరులో ఒక మాల్‌లో క్రిస్మస్ తాతలా ఎర్రకోటు వేసుకుని, దూది గడ్డం పెట్టుకుని పిల్లలతో ఫొటోలు దిగుతూ కనిపించారు. "ఈ వేషానికి మాటల్లేవు పద్మా. తీసెయ్యడానికి ఏమీ లేదు" అన్నారు. పోయిన వేసవిలో గుండెపోటుతో పోయారు. ఆయన దేహం కూడా ఖార్కివ్ చేరలేదు.

నేనింకా అక్కడే పనిచేస్తున్నాను. ఎవరికైనా అంకెలు చదవమని చెబితే, పక్కకి తీసుకెళ్ళి మాట నేర్పుతాను. అది తెర దాకా రాదని నాకూ తెలుసు. మేనేజర్ విసుక్కుంటే మాత్రం తల దించను.

"ఇల్లు తగలబడుతుంటే అంకెలు లెక్కెడతారా సార్?" అంటాను, పొట్టలోంచి.