జొరాయిదా వదలని అక్షరం

జొరాయిదా ల్యమోసాస్‌కి లైబ్రరీలో ఉద్యోగమని వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు. అందుకే పక్కింటావిడ సెలవులొచ్చినప్పుడల్లా పిల్లలకి బొమ్మల పుస్తకాలు తెచ్చిపెట్టమంటుంది. జొరాయిదా సరేనని కొట్టుకెళ్ళి, కొని, తెచ్చి ఇస్తుంది. తన లైబ్రరీలో పుస్తకాలు ఉండవని ఆవిడకి బోధపరచడం కంటే కొనడమే తేలికని ఆమె ఉద్దేశం.

మా లైబ్రరీ ఒక చిన్న ప్రోగ్రాం. కరెంటు మీటర్లు చూసేవాళ్ళ చేతి మిషన్లో, బస్సు టికెట్ల మిషన్లో, ఉన్ని తూచే కాటాలో, ఎక్కడో ఒకచోట దాని కడుపులో కూర్చుంటుంది. పేర్లూ లెక్కలూ దాచి, అడిగినప్పుడు తీసిస్తుంది. దానికి నెట్టూ అక్కర్లేదు, పైన మరో పెద్ద కంప్యూటరూ అక్కర్లేదు. చిక్కల్లా కొత్త రకం మిషన్ వచ్చినప్పుడల్లా దాని కాపురం మార్చాలి. ఆ మార్చే మనిషి జొరాయిదా. ఒక మిషన్ అంకెల్ని ఈ కొస నుంచి రాసుకుంటుంది, ఇంకోటి ఆ కొస నుంచి. ఒకదానికి సామానంతా గోడకి ఆనించి సర్దితే తప్ప ఊపిరాడదు. ఇన్ని వంకర ఇళ్ళలోకీ అదే సంసారాన్ని, చెంచా కూడా పోకుండా చేరవేయాలి.

ఆమె రాసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఈ అరెకిపా ఊరికి వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా నా పేరు ఇక్కడెవరి నోటా తిరగలేదు. అందరూ నన్ను ‘ఇందూ’ అంటారు. ఇండియా వాడని దానర్థం. మా ఊరి వాళ్ళు వింటే ఏమనుకుంటారోనని మొదట్లో సిగ్గుపడేవాణ్ణి, తర్వాత అలవాటైపోయింది.

జొరాయిదాకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఒక్క విషయంలో మాత్రం ఉంది. ఏ మిషన్లో రాసిన ఫైలైనా ఎత్తి ఇంకో మిషన్లో పెడితే మార్పూ కూర్పూ లేకుండా తెరుచుకోవాలి. తన చేతిలో అలా తెరుచుకోని ఫైలు ఇంతవరకూ పుట్టలేదు. ఈ మాట చెప్పేటప్పుడు వేయించిన మొక్కజొన్న గింజ ఒకటి గాల్లోకి ఎగరేసి నోటితో పట్టుకునేది. పట్టు తప్పడం నేను చూడలేదు, చూడాలని మాత్రం చాలా ఉండేది.

రెండువేల పదమూడులో కోల్కా లోయ నర్సుల పని వచ్చింది. కొండల మీద ఊళ్ళలో పిల్లలకి టీకాలు వేసేవాళ్ళు. అక్కడ సిగ్నల్ ఉండదు గనక ఎవరికి ఏ టీకా పడిందో మిషన్లోనే ఉండాలి. పాత మిషన్లు ఇటుకల్లా ఉండేవి, పేరంతా నొక్కితే బిడ్డ వివరం చూపేవి. వాటి బదులు ఇప్పుడు ఫోన్లు ఇస్తున్నారు. వేలితో జరుపుతూ పోతే పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. సోమవారం నుంచి టీకాలు. దానికి ముందు శుక్రవారం ఒక ఊళ్ళో, ఒక నర్సుతో, ఉత్తుత్తి పరీక్ష.

ఫోన్లోకి కాపురం మార్చడం జొరాయిదాకి చిటికెలో పనైంది. నేను నెల రోజులు వెతికాను. ఒక్క తప్పు దొరకలేదు, ఆ కడుపుమంట నాకు ఇంకా ఉంది.

శుక్రవారం పొద్దున్న ఆ ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు నిల్దా వారాచా ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టుకుని ఇద్దరం విన్నాం.

“మేడమ్, మీ ఫోన్లో సగం ఊరు లేదు.”

“లేకపోవడమేంటమ్మా?”

“ల్యాచో వాళ్ళ బిడ్డ లేడు. ల్యర్కా వాళ్ళు లేరు. లేడు కదా అని కొత్తగా రాసుకుని సూది తీసినా. నిజంగా వేసేద్దునేమో, వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకునింది. ‘పోయిన్నెల నువ్వే పొడిచినావు, మళ్ళా పొడిస్తే ఊరుకోను’ అనింది. ఆయమ్మకి గుర్తుండబట్టి సరిపాయ. గుర్తులేనోళ్ళ గతేంది మేడమ్?”

జొరాయిదా ముఖం పాలిపోయింది. నాకు మాత్రం, అబద్ధమెందుకు, లోపల ఒక చిన్న పండగ.

“పోయిందక్కా నీ చెంచా,” అన్నాను.

“నోర్మూసుకో ఇందూ.”

అంకెల కొస తిరగబడిందేమో చూసింది. సరిగానే ఉంది. సామాను సర్దుడు చూసింది. సరే. ఇక్కడి ఫోన్లో ల్యాచో అని అడిగితే బిడ్డ టక్కున వచ్చాడు. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి మళ్ళీ నిల్దాకి ఫోన్ చేసింది.

“ఎక్కడ వెతికావమ్మా?”

“ఎక్కడేంది మేడమ్, ‘లి’ పేర్లయిపోయినాక, ‘లో’ పేర్లకి ముందర.”

“అక్కడెందుకుంటుంది? లూ పేర్లు కూడా దాటి కిందికి పో.”

“లూ అయినాక ఎమ్మే కదా మేడమ్.”

“పో చెప్తా.”

వేలితో జరుపుకుంటూ పోయినట్టుంది. తర్వాత నిల్దా గొంతు సాగింది. “ఓలమ్మో. అందరూ ఈడ దాక్కోనుండారే. ఈళ్ళనెవరు మేడమ్ ఈ మూలకి తోసింది?”

జొరాయిదా ఫోన్ పెట్టేసింది. తోసింది తనే.

స్పానిష్‌లో రెండు ఎల్‌లు పక్కపక్కన పడితే ‘ల్య’ అని పలుకుతారు, అది ఎల్యే అని ఒక్క అక్షరం. మన క్ష అక్షరమా, రెండక్షరాల జోడింపా అని తగువున్నట్టే దీని మీదా ఉంది. జొరాయిదా చదువుకున్నప్పుడు ఎల్ పేర్లన్నీ అయ్యాక, ఎమ్‌కి ముందు, ఎల్యే పేర్లు విడిగా వచ్చేవి. తర్వాత పండితులు కూర్చుని దాన్ని వరసలో ఎల్‌లో కలిపేశారు. నిల్దా వయసు పిల్లలకి కలిసిన వరసే తెలుసు. జొరాయిదా మాత్రం లైబ్రరీ మొదట రాసినప్పుడు పెట్టిన పాత వరసనే మిషన్ మిషన్‌కీ మోసుకొచ్చింది. పేరంతా నొక్కి అడిగినన్నాళ్ళూ ఆ వరస ఎవరి కంటా పడలేదు.

“మార్చెయ్ అక్కా. ఒక పూట పని.”

“మారిస్తే పాత ఫైళ్ళన్నీ విప్పి మళ్ళీ పేర్చాలి. అలాగే తెరుచుకోవు. ఇన్నాళ్ళూ నేనన్న మాటేమైనట్టు?”

“ఆ మాట నర్సులకి చెప్పు. సోమవారం పిల్లల్ని రెండేసి సార్లు పొడుస్తూ వింటారు.”

ఆమెకి నెవాదా పట్టింది. ఇక్కడ అరెకిపాలో ఉన్నట్టుండి ఎవరైనా ముఖం ముడుచుకుంటే ఎదురు కొండ మీది మంచు తలకెక్కిందంటారు. మొక్కజొన్న గింజ ఎగరేసింది. అది ముక్కుకి తగిలి కింద పడింది. ఎన్నేళ్ళుగానో చూడాలనుకున్నది చూశాను గానీ నవ్వు రాలేదు.

“ఇందూ, నీకు నవ్వులాటగా ఉంటుంది,” అంది చివరికి. “బళ్ళో మమ్మల్ని పేర్ల వరసన కూర్చోబెట్టేవారు. లోయాసా, లొసాదా, లూనా, లూకే. ఎల్‌లు అక్కడితో సరి. తర్వాత ఎల్యే, ల్యమోసాస్, నేను. ఏడాదంతా ఎర్మోహెనెస్ లూకే మెడ వెనక పుట్టుమచ్చ చూస్తూ లెక్కలు నేర్చుకున్నా. ఆ వరస లేకపోతే వాడెవడో నాకు తెలిసేదే కాదు.”

ఎర్మోహెనెస్ ఆమె మొగుడు. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు.

“అదా సంగతి,” అన్నాను. “నేనింకా నీ పేరు మీద మోజనుకున్నా.”

“పేరేముంది, ఆ అక్షరం నాకు మొగుణ్ణిచ్చింది. దాన్ని నా చేత్తో తీసి పక్కన పడెయ్యమంటావు.”

ఆమెని చూస్తే జాలేసింది. తప్పు పట్టడానికి జీతం తీసుకునేవాడికి అది మంచి లక్షణం కాదు.

కాసేపటికి ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. “వెతికేది ఆ పిల్ల. దానికి దొరికే చోట పెట్టాలి గానీ నాకు ముద్దొచ్చే చోట కాదు,” అని గొణుక్కుంటూ వరస మార్చింది. పాత ఫైలు తెరవగానే పేర్లన్నీ కొత్త వరసలో పేర్చుకునేలా రాసింది. సాయంత్రానికి నేను పరీక్షించాను. ఎల్యేలు ‘లి’ తర్వాత, ‘లో’కి ముందు, బుద్ధిగా కూర్చున్నారు.

సోమవారం మధ్యాహ్నం నిల్దా ఫోన్ చేసింది. “అందరూ ఉండారు మేడమ్. ల్యాచో పిల్లోడికి ఈసారి వేరే టీకా. భలే ఏడ్చినాడు.”

ఆ సమయానికి ఎర్మోహెనెస్ భోజనం క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. జొరాయిదా అతని వైపు చూడకుండానే చెప్పింది.

“నీతో ఒక మాట. మన వరస చెరిపేశాను. ఇప్పుడు నేను ముందు, లోయాసా, లొసాదా, లూనా మధ్యలో, నువ్వు ఆఖరున.”

అతను మూత తీసి, చారు గిన్నెలోకి వంచుతూ ఆలోచించాడు.

“అంటే నేనిప్పుడు నీ వెనకాల ఉన్నానన్నమాట.”

“ఆ.”

“పెళ్ళయినప్పట్నుంచీ నేనుంటున్నది అక్కడేగా,” అని గిన్నె ఆమె ముందుకి జరిపాడు. “తిను, చల్లారిపోతోంది.”